క్రేను మీద ఒకడుండాలి

మా బావ కనకరత్నానికి క్రికెట్ రాదు. ఆ మాట ఆయన మొహం మీద అనే హక్కు భిలాయి మొత్తమ్మీద ఇద్దరికే ఉంది. ఆయన్ని కట్టుకుంది కాబట్టి మా అప్ప అచ్చమ్మకి, ఆవిడ తమ్ముణ్ణి కాబట్టి నాకు. బావని ఏడిపించని బావమరిది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఆయన బ్యాటు పట్టుకుంటే పెరట్లోకి దూరిన గేదెని తోలడానికి నిలబడ్డట్టుండేది. బంతి వేస్తే అది రెండుసార్లు నేల తాకి, కాస్త అలుపు తీర్చుకుని, అప్పుడు అవతలివాడి దగ్గరికి చేరేది. ఫీల్డింగు మరీ అన్యాయం. బంతి తన వైపు వస్తుంటే మర్యాదగా దారిచ్చి, అది దాటిపోయాక వెనకాల పరిగెత్తేవాడు. అయినా నాగావళి క్రికెట్ క్లబ్బుకి ఉద్యోగం ఉన్నంతకాలం కెప్టెన్ ఆయనే. ఆ పదవికి ఎవరూ పోటీ రాలేదు, దిగిపొమ్మని ఎవరూ అనలేదు.

నాగావళి క్లబ్బంటే అప్పట్లో సెక్టర్ 6లో తెలియనివాళ్లు లేరు. పార్వతీపురం, బొబ్బిలి, ఆమదాలవలస వైపు నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగాలకొచ్చిన కుర్రాళ్లు పెట్టుకున్న క్లబ్బు. ఊరి మీద బెంగతో ఊరి నది పేరు పెట్టుకున్నారు. హిందీవాళ్లకి ఆ నది సంగతి తెలియదు. పేరులో నాగం ఉంది కాబట్టి పాముల్ని కొలిచే బృందమేదో అనుకుని మొదట్లో కొంచెం ఎడంగా ఉండేవాళ్లు. ఆ భయం పుణ్యాన మేం ఒకటి రెండు మ్యాచ్‌లు గెలిచామని నా అనుమానం.

ఇక ఆట రాని మనిషి కెప్టెన్ ఎలా అయ్యాడంటారా? ఆడాలంటే ముందు పదకొండు మంది పోగవ్వాలి. ఈ ఊళ్లో అదే గండం. కొలిమికి ఆదివారం లేదు, పండగ లేదు. ఒకడు పొద్దుటి షిఫ్టులో ఉంటే ఇంకొకడు మధ్యాహ్నం షిఫ్టుకి సైకిలెక్కుతుంటాడు, మరొకడు నైటు డ్యూటీ చేసొచ్చి కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటాడు. ఎవడెప్పుడు ఖాళీయో, ఎవడి సెలవు ఎవడితో మార్పించవచ్చో తెలిసినవాడు మా అందరిలో ఒక్కడే. బావ టైమాఫీసులో గుమస్తా. మావాళ్లు పనిచేసే విభాగాల డ్యూటీ చార్టు రాసేది ఆయనే.

అంచేత కెప్టెన్సీ ఆయన చేతిలోకి రాలేదు, మొదట్నుంచీ ఆయన చేతిలోనే ఉంది. ఆఫీసరు సంతకం పెట్టేముందు చార్టులో ఒక గడి ఇటు, ఒక గడి అటు జరిపి, కొలిమికి లోటు రాకుండా, మాకు వికెట్ కీపర్ లేకుండా పోకుండా చూసేవాడు. ప్లాంటులో అన్ని విభాగాలూ నడవాలి, ఆదివారం మ్యాచూ నడవాలి. ఈ రెండూ ఏళ్ల తరబడి నడిపాడు. అది ఆటకంటే కష్టమైన పని అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు మాకంత తెలివెక్కడిది.

నా సంగతి కూడా చెప్పేస్తాను. నేను లక్ష్మీప్రసాద్‌ని, తెలుగు మాస్టారిగా చేసి రిటైరయ్యాను. బడికి ప్రతి ఆదివారమూ సెలవే. టీములో నాకున్న అర్హత అదొక్కటే. ఎవడైనా చివరి నిమిషంలో డ్యూటీకి పోతే, "ప్రసాదున్నాడు కదేటి" అని బావ నన్ను లోపలికి తోసేవాడు.

చివరి నిమిషం అన్నాను కాబట్టి బెల్లు గురించి చెప్పాలి. చార్టు ఎంత గట్టిగా రాసినా తెల్లారేసరికి ఎవడికో జ్వరమొస్తుంది, వాడి బదులు ఇంకొకడు పరిగెత్తాలి. అందుకని ఆదివారం తెల్లవారగానే బావ ముందు టైమాఫీసుకి వెళ్లి హాజరు చూసుకుని, అక్కణ్ణుంచి సైకిలు మీద క్వార్టర్ల వెంట తిరిగేవాడు. కింద నిలబడి బెల్లు కొడితే ఆట. బెల్లు వినపడకపోతే డ్యూటీ. మావాళ్లు తెల్ల ప్యాంట్లు తొడుక్కుని, టిఫిన్ తినేసి, గుమ్మంలో కూచుని ఎదురుచూసేవాళ్లు తప్ప, బెల్లు మోగకుండా ఒక్కడూ గ్రౌండుకి కదిలేవాడు కాదు. పెళ్లికొడుకు బాజా కోసం చూసినట్టు చూసేవాళ్లు.

ఇంత చేసినా బావకి లెక్క కుదరని ఇద్దరున్నారు. సూర్యారావు, నరసింగరావు. ఒకడు బ్యాటు, ఒకడు బంతి. సూర్యారావు కొడితే బంతి గ్రౌండు దాటి ఎవరి వంటింట్లోనో పడేది. నరసింగరావు బంతి వేయడానికి పరిగెత్తుకొస్తుంటే వికెట్ కీపర్ కూడా కళ్లు మూసుకునేవాడు. ఖర్మ ఏమిటంటే ఇద్దరిదీ ఒకటే క్రేను. కరిగిన ఉక్కు నింపిన బకెట్లని ఎత్తి దించే పెద్ద క్రేను అది. ఆదివారం పొద్దుట పెద్ద ఆఫీసర్లు ఉండరు కాబట్టి చేయి తిరిగిన వాళ్లిద్దరిలో ఒకడు తప్పకుండా పైన ఉండాలని సెక్షన్ పెద్ద కట్టడి చేశాడు. ఒకడు నైటు చేసి దిగుతాడు, రెండోవాడు ఎక్కుతాడు. దిగినవాడు ఆటకొస్తాడు. వచ్చే ఆదివారం రెండోవాడి వంతు.

బావ ఎన్ని గడులు జరిపినా ఆ గడి కదల్లేదు. ఆ ఇద్దరూ ఒక్క మ్యాచ్‌లో కూడా కలిసి ఆడలేదు. వాళ్ల స్నేహమంతా క్రేను నిచ్చెన మొదట్లో జరిగేది. దిగినవాడు సంచి భుజాన వేసుకుని, "అంతా బానే ఉంది, బ్రేకు కొంచెం లూజు, సూసుకో" అని వెళ్లిపోవడం, ఎక్కేవాడు తలూపడం. అంతే. రిటైరయ్యాక సూర్యారావు వైశాలి నగర్‌లో ఇల్లు కొనుక్కున్నాడు, నరసింగరావు ఊరికి అటు చివర మరోదాలో ఉండిపోయాడు. పెళ్లిళ్లకి కూడా ఒకడు మధ్యాహ్నం భోజనానికొస్తే ఇంకొకడు రాత్రి రిసెప్షన్‌కొస్తాడు.

ఇప్పుడు క్లబ్బు పెట్టి యాభై ఏళ్లయింది. ఇప్పటి సెక్రటరీ మనోజ్‌కుమార్ మావాళ్ల పిల్లాడే. ఇక్కడే పుట్టాడు కాబట్టి వాడి తెలుగులో సగం హిందీ. ఒక సాయంత్రం సెక్టర్ 6లో బావ ఇంటికొచ్చాడు. రిటైరయ్యాక లీజుకి తీసుకున్న పాత క్వార్టరే అది. అప్పుడు నేనూ అక్కడే టీ తాగుతున్నాను.

"అంకుల్, క్లబ్ రూమ్‌లో బోర్డు పెడుతున్నాం. పచాస్ సాల్ కా డ్రీమ్ టీమ్. గ్యారా నామ్, కింద ట్వెల్ఫ్త్ మ్యాన్. పేర్లు మీరే తయ్ చేయాలి. సబ్ కో మీరే కదా జానతే."

"డ్రీమ్ టీమంటే?" అన్నాడు బావ, తెలిసి కూడా.

"అందర్లో బెస్ట్ లెవెన్, అంకుల్. మీకు ఎవరు కావాలంటే వాళ్లు."

మనోజ్ గేటు దాటాడో లేదో, బావ క్యాలెండరు కాగితం చించి వెనకవైపు మొట్టమొదటి పేరు రాశాడు. కెప్టెన్, కనకరత్నం.

నేను పడీ పడీ నవ్వాను. అప్ప వంటింట్లోంచి వచ్చి చదివి, "మరేటి, ఆ పదకొండుమందిలో ఆట రానోడు ఒకడైనా ఉండాలి కదా, దిష్టి తగలకుండా" అంది.

బావ పెన్ను మూత పెట్టి, "క్లబ్బు రూములో ఎన్ని ఫొటోలున్నాయిరా ప్రసాదూ?" అని అడిగాడు.

"బోలెడు."

"నేనెందులో ఉన్నాను?"

ఆలోచించాను. ఒక్కదాంట్లోనూ లేడు. ఫొటో తీసే సమయానికి ఎవడో ఒకడు రాలేదని, వాణ్ణి తీసుకురావడానికి బావ సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. కప్పులు గెలిచిన ఫొటోల్లో కప్పుంది, మేమున్నాం, గ్రౌండు పక్క చెట్టుకి కట్టిన కుక్క కూడా ఉంది. కెప్టెన్ లేడు. ఆ బోర్డు మీద పేరు తప్ప, ఆయన మాతో గడిపిన ఆ కాలానికి గుర్తు ఇంకేమీ మిగల్లేదు. నా నవ్వు ఆగిపోయింది. ఆయనకా పేరు కావాలి. గట్టిగా కావాలి.

అలాగని నా స్వార్థం మానుకున్నానా? లేదు. "బావా, పన్నెండోవాడి సంగతేమిటి?" అని ఆ సాయంత్రమే అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "ఆలోసిస్తాను" అన్నాడు. ఆ ఆలోచన పూర్తయ్యేలోపు ఆయన నాచేత కరెంటు బిల్లు కట్టించాడు, స్కూటరు మీద కంటి డాక్టరు దగ్గరికి తిప్పించుకున్నాడు, పక్కనున్న దుర్గు ఊరికి పంపి మా అప్పకి నచ్చిన రకం చింతపండు తెప్పించాడు. చివరికి, "సరే, నువ్వే. మాటిచ్చేను" అన్నాడు.

సంగతి బయటికి పొక్కగానే వాళ్లింటికి రాకపోకలు పెరిగాయి. నరసింగరావు భార్య అప్పలనర్సమ్మ మరోదా నుంచి డబ్బాడు బెల్లం గవ్వలు పంపింది. ఇన్నేళ్లలో లేనిది ఇప్పుడెందుకు పంపిందని ఎవరూ అడగలేదు, తినేశాం. నాలుగు రోజుల తర్వాత సూర్యారావు వైశాలి నగర్ నుంచి స్వయంగా వచ్చాడు, పెరట్లో కాసిన పనసకాయ పట్టుకుని. టీము ఊసే ఎత్తలేదు. "పొట్టు కూరకి లేతగా బాగుంటాది వొదినా" అని అప్ప చేతిలో పెట్టి, పాత సిక్సర్లు ఒక అయిదారు గుర్తుచేసి వెళ్లాడు.

పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాక, "కూరకీ సెలక్షనుకీ సంబంధం లేదు" అని బావ ప్రకటించాడు.

"గవ్వలు తింతన్నంతసేపూ నరసింగరావు గొప్పోడు. కూర తింతన్నంతసేపూ సూర్యారావు గొప్పోడు. మజ్జిగన్నంలోకి వచ్చీసరికి మీరే గొప్పోళ్లు" అంది అప్ప.

బావ టీము కట్టే పద్ధతి చూడ్డానికి ముచ్చటగా ఉండేది. రోజూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని, స్కేలుతో కాగితం మీద అడ్డగీతలు, నిలువుగీతలు గీసేవాడు. ఒక పేరు రాసేవాడు, ఇంకో పేరు వైపు చూసేవాడు, తల అడ్డంగా ఊపి కొట్టేసేవాడు. ఆటగాళ్లని తూకం వేస్తున్నాడనుకున్నాను. ఇంత కష్టం దేనికి బావా, బాగా ఆడినవాళ్లని రాసేస్తే పోలేదా అంటే, "నీకు తెలీదురా, నీది బడి ఉద్యోగం" అనేవాడు. ఆ మాటని నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

ఒక ఆదివారం సాయంత్రం వరండాలో కూచుని టీము చదివి వినిపించాడు. మనోజ్ ఫోన్లో ఎక్కించుకుంటున్నాడు. మొదట కెప్టెన్ పేరు చదివేటప్పుడు గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటే. నరసింగరావు పేరొచ్చింది. నేను సూర్యారావు పేరు కోసం చూస్తున్నాను. పదకొండూ అయిపోయాయి. పన్నెండోది నాది. కాగితం మడిచేశాడు.

"అంకుల్, సూర్యారావు అంకుల్ ఛూట్ గయే, పేరే లేదు" అన్నాడు మనోజ్.

"ఛూటలేదు. నరసింగరావున్నాడు కదా."

"ఇద్దరూ ఉండొచ్చు కదా?"

"ఎలగ ఉంటారు?" బావకి విసుగొచ్చింది. "ఇద్దరూ వచ్చీసి ఇక్కడ ఆడతంటే క్రేను మీద ఎవుడుంటాడు?"

మనోజ్ నా వైపు చూశాడు, నేను మనోజ్ వైపు చూశాను.

"వికెట్ కీపింగ్‌కి మన అప్పారావు కావాలి కదా బావా, ఆయనేడీ?" అన్నాను మెల్లిగా.

"అప్పారావుదీ ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌దీ ఒకటే బ్యాటరీ కాదేటి, ఒకే పొయ్యిల వరస. ఇద్దర్నీ తీసీస్తే కోక్ ఓవెన్‌లో గోలయిపోద్ది. ఒకడికి నైటు వేసి..."

అక్కడ ఆగాడు. తనకి తనే వినపడినట్టున్నాడు. ఆ కాగితం మళ్లీ విప్పి చూసుకున్నాడు. అడ్డగీతలు మూడు షిఫ్టులు. నిలువుగీతలు విభాగాలు. ఆయన ఇన్నాళ్లూ టీము కట్టలేదు, డ్యూటీ చార్టు రాశాడు. అందరూ రిటైరై ముసలివాళ్లయిపోయినా, ఆ క్రేను మీదికి ఇప్పుడెవరో కుర్రాళ్లు ఎక్కుతున్నా, కలల టీములో కూడా బావ కొలిమిని కాపాడుతున్నాడు.

ముందు నేను నవ్వాను. తర్వాత మనోజ్. గేటు దగ్గర కూరగాయలు బేరమాడుతున్న అప్ప కూడా వచ్చి, సంగతి విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ కూడా నవ్వాడు, కానీ ఆయన నవ్వు మాకంటే ముందే ఆగిపోయింది.

"అయితే మనోజూ, డ్రీమ్ టీములో షిఫ్టులుండవన్నమాట."

"నహీ అంకుల్. డ్రీమ్ కదా. అందరూ ఫ్రీ."

"అందరూ ఫ్రీ అయితే..." అని బావ మొట్టమొదటి పేరు వైపు చూశాడు. "మరి టైమాఫీసుతో పనేటి?"

ఆ ప్రశ్న మనోజ్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. సూర్యారావు లోపలికి రావాలంటే ఒకడు బయటికి పోవాలి. అప్పారావు సంగతి తేలికే, ఇంకో కీపర్‌ని తీసేసి పెట్టొచ్చు. సూర్యారావుకి మాత్రం ఖాళీ లేదు. మిగతావాళ్లందరూ ఆట వచ్చినవాళ్లు. ఆట రానివాడు ఒక్కడే ఉన్నాడు. నలభై ఏళ్లుగా ఆ మాట అంటూ వచ్చిన మా అప్ప ఆ సాయంత్రం మాత్రం అనలేదు. వంకాయలు లోపల పెట్టొస్తానని వెళ్లిపోయింది.

బావ రెండ్రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వరండాలో కూచునేవాడు, గీతలు మాత్రం గీయలేదు. నాకు లోపల పీకుతూనే ఉంది. నా పన్నెండో స్థానం ఉంది. అది ఆయనకిచ్చేస్తే కనీసం బోర్డు మీద పేరుంటుంది. ఇచ్చెయ్యాలని తెలుసు. చింతపండు కోసం దుర్గు వెళ్లిన ఎండ గుర్తొచ్చి ఒకరోజు ఆగాను. మర్నాడు వెళ్లి, "బావా, నా పేరు తీసేసి నీది రాసుకో" అన్నాను.

"వద్దురా."

"నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను."

"తెలుసు. కానీ పన్నెండోవాడికి క్యాచ్ పట్టడమైనా రావాలి. నీకు పదింటికి ఒకటొస్తాది. నాకదీ రాదు." నవ్వాడు. "డ్రీమ్ టీమని బోర్డు మీద రాసీసి, కింద అబద్ధం పెట్టమంటావేటి? సూర్యారావు లేకండా అది టీమెలగవుద్ది?"

నా ముందే మనోజ్‌కి ఫోన్ చేశాడు. "నా పేరు తీసీసి సూర్యారావుని రాయించు. కెప్టెనని ఎవుడి పక్కనా రాయించకు. రాస్తే ఆళ్లలో ఆళ్లు కొట్టుకుంటారు" అని పెట్టేశాడు. ఆ తర్వాత చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన్ని ఏడిపించడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి, ఆరోజు ఒక్క ఎకసెక్కం దొరకలేదు.

బోర్డు తెర తీయడం, పాతవాళ్లకీ ఇప్పటి కుర్రాళ్లకీ సరదా మ్యాచ్, రెండూ ఒకే ఆదివారం పొద్దుట పెట్టుకున్నారు. పదకొండు మందిలో ముగ్గురు అప్పటికే కాలం చేశారు. ఆ ఖాళీల్లో నేనూ ఇంకో ఇద్దరూ. బావని అంపైరుగా నిలబడమన్నారు. మోకాళ్లు నొప్పులని రానన్నాడు. మోకాళ్లకేమీ కాలేదని మా అప్ప నాకు చెప్పింది.

మనోజ్ వాట్సాప్‌లో అందరికీ టైము పెట్టాడు. అందరూ సరేనని బొటనవేళ్లు పెట్టారు. తీరా ఆదివారం నేను గ్రౌండుకి వెళ్లేసరికి కుర్రాళ్లున్నారు, కుర్చీలున్నాయి, తెర కప్పిన బోర్డుంది. మా టీము నుంచి నేను తప్ప ఉన్నది సూర్యారావు ఒక్కడే. అదైనా ఆయన కూతురు రోహిణి డ్యూటీకి వెళ్తూ కారులో దింపేసి పోయింది కాబట్టి. భుజానికి సంచి తగిలించుకుని గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అనుకున్న టైము దాటిపోయింది. ఎండ ఎక్కుతోంది. మనోజ్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. "అంకుల్, సబ్ లోగ్ రెడీ అంటున్నారు. బాహర్ బైఠే హై అంటున్నారు. కానీ ఎవరూ రావడం లేదు. ఏం అయింది వీళ్లకి?"

నరసింగరావుకి చేసినప్పుడు ఫోన్ లాక్కుని నేనడిగాను. "ఏమయ్యా, బయల్దేరలేదా?"

"పొద్దున్నే తయారైపోయేను. గుమ్మంలోనే కూకున్నాను. కనకం ఇంకా రాలేదేటి?"

అప్పుడు అర్థమైంది. స్కూటరు తీసుకుని బావ ఇంటికి పరిగెత్తించాను. ఆయన బనీనుతో కూచుని అప్పకి వెల్లుల్లి ఒలిచి పెడుతున్నాడు.

"బావా, లే. ఒక్కడూ రాలేదు."

"వాట్సాప్ పెట్టేరు కదా."

"పెట్టారు. బొటనవేళ్లు చూపించారు. తెల్ల బట్టలేసుకుని గుమ్మాల్లో కూచున్నారు. నీ బెల్లు కోసం."

బావ వెల్లుల్లి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అప్ప ఆయన చేతిలోంచి పళ్లెం తీసేసుకుంది. "మరి లేవండి. ఆలీసమైపోతంది" అని లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా తెచ్చింది. మోకాళ్ల ప్రస్తావన ఎవరూ తేలేదు.

పాత సైకిలు పెరటి షెడ్డులో ఉంది గానీ రెండు టైర్లలోనూ గాలి లేదు. బావ దాన్ని ఒకసారి చూసి, పానా తెచ్చి, బెల్లు ఊడదీసి, కొంచెం కొబ్బరినూనె రాసి నా స్కూటరు వెనక ఎక్కాడు. ఒక చేత్తో బెల్లు పట్టుకుని ఇంకో చేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. సెక్టర్ 6 వీధుల వెంట స్కూటరు మీద సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతున్న మమ్మల్ని చూసి పాలవాడు దారిచ్చాడు. ఒక్కో క్వార్టరు ముందు ఆగడం, బెల్లు కొట్టడం, తలుపు పక్కనుంచి ఒక తెల్ల ప్యాంటు లేచి రావడం. "ఏట్రా కనకం, ఇంతాలీసం సేసేవు" అని ప్రతివాడూ ఆయన్నే తిట్టాడు. బావకి అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఆఖరికి మరోదా. నరసింగరావు గుమ్మంలో బూట్లు కట్టుకుని కూచున్నాడు. ఆయన్ని మధ్యలో ఇరికించుకుని ముగ్గురం స్కూటరు మీద గ్రౌండు చేరాం. దారిలో స్పీడు బ్రేకర్లన్నీ నా నడుముకి తెలుసు.

గ్రౌండులో సూర్యారావు మేం వదిలి వెళ్లినచోటే నిలబడి ఉన్నాడు. నరసింగరావు స్కూటరు దిగి ఆయన దగ్గరికి నడిచాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. సూర్యారావు ఆయన్ని చూసి, ఒక నిట్టూర్పు విడిచి, సంచి భుజం మీద సర్దుకున్నాడు.

"వచ్చేవా? అంతా బానే ఉంది. బ్రేకు కొంచెం లూజు, సూసుకో."

నరసింగరావు తలూపాడు. సూర్యారావు గేటు వైపు నడవడం మొదలుపెట్టాడు. కుర్రాళ్లకి ఏం జరుగుతోందో తెలియలేదు. మా ముసలివాళ్లకి కూడా క్షణంపాటు అందులో వింతేమీ కనిపించలేదు. నరసింగరావు వచ్చాడు కాబట్టి సూర్యారావు వెళ్తున్నాడు, అంతే కదా అనిపించింది. బావ ఒక్కడే పరిగెత్తాడు. మోకాళ్లు నొప్పులన్న మనిషి గేటు దగ్గర ఆయన్ని అందుకుని సంచి పట్టుకు లాగాడు.

"ఎక్కడికెళ్తన్నావు సూరీ?"

"ఇంటికి. ఆడొచ్చీసేడు కదా."

"ఈరోజు చార్టులో ఇద్దరూ ఆటకే."

సూర్యారావు నమ్మకం కుదరనట్టు చూశాడు. వయసు మీద పడ్డవాడే గాని మతి పోయినవాడు కాదు. అలవాటు అంత గట్టిది. "ఇద్దరమా? మరి క్రేను మీద ఎవుడున్నాడు?"

"నేనున్నాను" అన్నాడు బావ. "నువ్వెళ్లి ఆడు."

సూర్యారావు సంచి తీసి బావ భుజానికి తగిలించి, గ్రౌండులోకి నడిచాడు.

మొదటి ఓవర్లోనే నరసింగరావు వేసిన బంతి బ్యాటు అంచుకి తగిలి తిన్నగా సూర్యారావు చేతుల్లోకి వెళ్లింది. ఆయన వదిలేశాడు. జీవితంలో మొదటిసారి కలిసి చేసిన పని అది. ఇద్దరూ తిట్టుకున్న తిట్లకి ఆట కాసేపు ఆగింది. మేం ఓడిపోయాం.

ఆరోజు ఫొటో ఇప్పుడు క్లబ్బు రూములో బోర్డు కింద ఉంది. మేం పదకొండుమందిమీ వరసగా నిలబడ్డాం. సూర్యారావూ నరసింగరావూ పక్కపక్కనే ఉన్నారు. వరస చివర, కొంచెం ఎడంగా, భుజాన ఎవరిదో సంచి, చేతిలో సైకిలు బెల్లు పట్టుకుని మా బావ ఉన్నాడు.